పాస్‌పోర్టు ఎవరి బీరువాలో వుంది?



ఖాజాగూడలో ఇప్పుడు ఏ అపార్టుమెంటుకి వెళ్లినా లిఫ్టులో రెండు మాటలు చెవిన పడుతూంటాయి. ఒకటి అమెరికా, రెండోది రియాద్. అమెరికా సంగతి చెప్పక్కర్లేదు. 2023 నుంచీ ఆ దేశపు కాన్సులేటు పక్కనే నానక్‌రామ్‌గూడలో వుంది. రియాదూ, జెడ్డా, దోహా, కువైటూ అంత పైకి కనపడవు గాని, కంపెనీవాళ్లు రెండేళ్లకో మూడేళ్లకో అక్కడికి పంపుతున్నారంటూ సామాను సర్దుకునే ఇళ్లు ఈ చుట్టుపక్కల తక్కువేం కాదు. అలా సర్దుకునే ఇల్లాళ్లు నన్నడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒక్కలాగే వుంటాయి. నల్ల గౌను వేసుకోవాలటగా? బొట్టు పెట్టుకోనిస్తారా? కూరలకి ఒంటరిగా వెళ్లొచ్చా? దేవుడి పటం తీసుకెళ్లొచ్చా?

ఇవన్నీ అడగవలసినవే, కాదనను. కాని ఇవి మూడో ప్రశ్న, నాలుగో ప్రశ్న. మొదటిది వేరే వుంది. అక్కడికి వెళ్లాక మీ పాస్‌పోర్టు ఎవరి బీరువాలో వుంటుంది? రెండోది, వారం రోజులపాటు మీ దగ్గర్నుంచి ఫోను రాకపోతే అక్కడ వచ్చి మీ తలుపు తట్టేదెవరు? ఎడారి దేశాలకు మన ఆడవాళ్ల ప్రయాణం నిన్నమొన్నటిది కాదు. నాలుగువందల యేళ్ల పైచిలుకు కథ అది. ఆ కథంతా తిరగేసి చూస్తే, క్షేమంగా తిరిగొచ్చిన వాళ్లనీ, చిక్కుల్లో పడ్డవాళ్లనీ వేరు చేసినవి చాలావరకు ఈ రెండే. ముసుగూ కాదు, ధైర్యమూ కాదు.

అక్బరు పాదుషా మేనత్త గుల్‌బదన్ బేగం పేరు మీరు వినే వుంటారు. తన అన్న హుమాయూన్ చరిత్ర రాసిన ఆవిడే. 1575లో ఆవిడ అంతఃపుర స్త్రీలు కొందరిని వెంటబెట్టుకుని మక్కా యాత్రకు బయల్దేరింది. హిందూస్థానాన్ని ఏలే చక్రవర్తి మేనత్త కదా, ఓడ ఎక్కితే ఎవరాపుతారు అనుకుంటాం. ఆపారు! అప్పట్లో సముద్రం పోర్చుగీసువాళ్లది. వాళ్లిచ్చిన చీటీ చేతిలో లేకపోతే ఏ ఓడా అరేబియా దారి పట్టడానికి లేదు. ఆ చీటీ కోసం రాజకుటుంబపు ఆడవాళ్లు సూరత్తులో ఇంచుమించు ఏడాది పడిగాపులు పడ్డారు. ఓడ కదిలింది 1576లో. మక్కాలో వాళ్లు కొన్నేళ్లుండిపోయేసరికి, అక్కడ ప్రభువైన తురుష్క సుల్తాను ఈ మొగలాయీ స్త్రీలను పంపించెయ్యమని ఫర్మానాలు జారీ చేశాడు. తిరుగు ప్రయాణంలో ఏడెన్ దగ్గర ఓడ పగిలి, ఆ వూళ్లో నెలల తరబడి చిక్కుకున్నారు. ఇల్లు చేరేసరికి 1582. అంతటి ఇంటి ఆడపడుచుకే కాగితం లేకపోతే కాలు కదలలేదన్నమాట.

తర్వాత చెప్పుకోవలసినది భోపాలు నవాబు సికందర్ బేగం. పరదా లేకుండా గుర్రమెక్కి రాజ్యం చేసిన మనిషి. 1863లో తల్లినీ, వందలకొద్దీ పరివారాన్నీ వెంటబెట్టుకుని బయల్దేరి, మరుసటి యేడు జనవరికి జెడ్డాలో దిగింది. దిగీ దిగగానే సుంకం కచేరీవాళ్లు పెట్టెలన్నీ విప్పించి సామానంతా కెలికి పెట్టారు. దేనికి ఎంత సుంకమో తెగక అక్కడి అధికారులకూ ఈవిడకూ మధ్య ఉత్తరాల మీద ఉత్తరాలు నడిచాయి. ఈవిడ చేసిన మంచి పనేమిటంటే, ప్రతిదీ రాసి పెట్టుకుంది. ఎవరికి ఏ ఉత్తరం రాసిందీ, వాళ్లేం జవాబిచ్చిందీ, అన్నీ. ఆ రాతే పుస్తకమై, ఇంగ్లీషులోకి వెళ్లి 1870లో లండన్లో అచ్చయింది. ఇంకోమాట. మక్కా దాకా వెళ్లిన ఆవిడ మదీనా వెళ్లలేదు. దారిలో బద్దూల దోపిడీ భయం ఎక్కువగా వుందని విచారించి తెలుసుకుని మానుకుంది. అంత దూరం వెళ్లి మదీనా చూడకుండా తిరిగి రావడమంటే భక్తురాలికి ఎంత కష్టమో ఆలోచించండి. "ఇంత దూరం వచ్చాం, అంతమాత్రానికి ఏమవుతుందిలే" అనుకోకపోవడం నాకు ఆవిడలో అన్నిటికన్నా నచ్చిన గుణం.

మన హైదరాబాదు ఆడవాళ్లూ వెనకబడలేదు. ఇక్కడ అన్నిసా అని స్త్రీల పత్రిక నడిపిన సుఘ్రా హుమాయూన్ మీర్జా భర్తతో కలిసి ఇరాకు వెళ్లొచ్చి ఆ యాత్ర సంగతులు ఉర్దూలో రాసింది. 1934లో ఆడపిల్లల కోసం సఫ్దరియా పాఠశాల పెట్టినదీ ఆవిడే.

బేగములూ నవాబులూ సరే, మామూలు ఆడవాళ్ల మాటేమిటి? పొగ ఓడలు వచ్చాక బొంబాయి రేవు నుంచి మక్కా యాత్రకు బీదాబిక్కీ కూడా వెళ్లడం మొదలైంది. ఉన్న నాలుగు నగలూ అమ్ముకుని పోయేటందుకు టిక్కెట్టు కొనేవాళ్లు. రావడానికి? దేవుడే చూసుకుంటాడనేవాళ్లు. జెడ్డా రేవులో తిరుగు టిక్కెట్టు లేక, తిండి లేక పడివున్న హిందూస్థానీ యాత్రికుల గొడవ ఇంగ్లీషు ప్రభుత్వానికి పెద్ద తలనొప్పి అయింది. 1886లో టిక్కెట్ల ఏర్పాట్లు చూడమని థామస్ కుక్ కంపెనీకి అప్పజెప్పారు. కొన్నేళ్లు చేసి, నష్టమని వాళ్లు తప్పుకున్నారు. చివరికి 1925లో చట్టం చేశారు. వెళ్లేటప్పుడే తిరుగు టిక్కెట్టయినా కొనాలి, ఆ సొమ్మయినా కట్టి పోవాలి. చిన్న సంగతిలా కనపడుతుంది గాని, ఒక ఆడమనిషి కొంగులో తిరుగు టిక్కెట్టు ముడేసుకుని ఓడ ఎక్కడానికీ, అది లేకుండా ఎక్కడానికీ ఎంత తేడా!

కాగితం ఒక పక్క. అడిగే మనిషి రెండో పక్క. నిజాం కాలంలో హైదరాబాదు రాజ్యం తరఫున మక్కాలో రుబాతులు పెట్టారు. రుబాతు అంటే మన సత్రం లాంటిదే. పాత హైదరాబాదు రాజ్యపు జిల్లాల వాళ్లు, అంటే ఇప్పటి తెలంగాణ, మరాఠ్వాడా, కర్ణాటకలో కలిసిన జిల్లాల యాత్రికులు, అందులో అద్దె లేకుండా దిగొచ్చు. రాజ్యం పోయి డెబ్బయి యేళ్లు దాటినా ఆ ఏర్పాటు నిలిచింది. చీట్లు వేసి ఎవరికి వస్తే వాళ్లకు చోటిస్తారు. ఇందులో డబ్బు ఆదా ఒక్కటే చూడకండి. పరాయి దేశంలో ఆ కప్పు కింద దిగిన ముసలమ్మ సాయంత్రానికి తిరిగి రాకపోతే, పక్క గదిలో మహబూబ్‌నగర్ వాళ్లో బీదరు వాళ్లో "ఆమె ఇంకా రాలేదేమిటి" అని అడుగుతారు. ఆ అడగడమే రక్షణ.

ఇక్కడో చిన్న పక్కదారి. అరబ్బులే ఒకప్పుడు మన వూరికి ఉద్యోగాలకు వచ్చారు! యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం సైన్యంలో చేరడానికి వచ్చినవాళ్ల బ్యారక్సే ఇవాళ్టి బార్కస్ పేట. పోతే, గల్ఫ్ తీరంలోని చిన్న రాజ్యాల్లో 1960ల దాకా చెల్లింది మన రూపాయే. బంగారం దొంగరవాణా ఎక్కువైందని 1959లో ఆ దేశాల కోసం రిజర్వు బ్యాంకు వేరే రంగు నోట్లు అచ్చు వేసింది. 1961లో కువైటు సొంత దీనారు పెట్టుకుంది. మన ఇళ్లకు దీనారు అంత పెద్ద సొమ్మయిన రోజులు ఆ తర్వాతివి.

1973లో చమురు ధర ఒక్కసారిగా పెరిగింది. ఆ డబ్బుతో ఎడారిలో రోడ్లూ మేడలూ లేవడం మొదలైంది. కరీంనగర్, నిజామాబాదు వైపు నుంచి మగవాళ్లు తాపీ పనికి వెళ్లారు. కడప జిల్లా రాయచోటి, రాజంపేటల నుంచీ, కోనసీమ నుంచీ, నరసాపురం వైపు నుంచీ ఆడవాళ్లు ఇంటిపనికి వెళ్లారు. కొంపా గోడూ చూసుకునే మొగుడి మీదో, తల్లి మీదో పిల్లలను వదిలేసి, కువైటులో ఇంకొకరి పిల్లలకు స్నానం పోయడానికి వెళ్లారు. వాళ్లతోపాటు మన భాషలోకి కొత్త మాటలూ వచ్చాయి. కఫీల్ అంటే పూచీదారు, పనిలో పెట్టుకునేవాడు. ఇఖామా అంటే అక్కడ వుండనిచ్చే కార్డు. ఖల్లివెల్లి అంటే కఫీలును వదిలి పారిపోయి కాగితాల్లేకుండా తిరిగే మనిషి. ఈ మూడు మాటల్లో ఆ దేశాల చట్టమంతా వుంది. ఎవరో ఒక కఫీలు పేరు మీద వుంటేనే మీరు అక్కడ మనిషి. ఆ పేరు కింద నుంచి బయటికి వస్తే, దెబ్బలు తిని పారిపోయి వచ్చినా సరే, చట్టం దృష్టిలో మీరే నేరస్థులు.

ఖాజాగూడలో నాలుగైదు ఇళ్లలో వంట చేసే ఒకామె నాకు తెలుసు. రాయచోటి వైపు మనిషి. కువైటులో ఎనిమిదేళ్లు చేసి వచ్చింది. మొదటి ఇంట్లో దిగిన రోజే ఆ ఇంటి యజమానురాలు పాస్‌పోర్టు తీసుకుని తన బీరువాలో పెట్టి తాళం వేసిందట. "కొట్టలేదమ్మా, తిండి పెట్టింది, కాని జీతం నాలుగు నెలలు ఇవ్వలేదు. అడగడానికి భయం. తాళం చెవి ఆమె నడుముకి" అంది. తర్వాతేం చేశావని అడిగాను. పక్కింట్లో కారు నడిపే అతను నెల్లూరాయన. చెత్త పారేసేందుకు గేటు దాకా వెళ్లినప్పుడల్లా అతనితో రెండు మాటలు మాట్లాడేదట. రాయబారం ఆఫీసు ఫోను నంబరు అతన్నడిగి లంగా లోపలి అంచు మీద పెన్నుతో రాసుకుంది. శుక్రవారం సెలవు దొరికిన తెలుగువాళ్లు కువైటు పట్నంలో మాలియా దగ్గర కలుసుకుంటారు. ఈ వీధిలో ఫలానా ఇంట్లో మనమ్మాయి వుంది, జీతం ఇవ్వడం లేదు అని ఆ డ్రైవరు అక్కడ నలుగురి చెవిన వేశాడు. ఇంకేముంది, ఆ ఇంటి గుమ్మం ముందు "బాగున్నావా అమ్మా" అని తెలుగులో పలకరించే మొహాలు వారానికొకటి కనపడటం మొదలెట్టాయి. ఐదో నెలలో జీతం వచ్చింది. ఎవరూ పోట్లాడలేదు, పోలీసులు రాలేదు. ఈ పిల్లకు అడిగేవాళ్లున్నారని ఆ ఇంటావిడకు తెలిసింది, అంతే.

అందరి కథా అలా ముగియలేదు. 1990 ఆగస్టు 2న ఇరాకు సైన్యం కువైటులోకి వచ్చింది. యజమానులు చాలామంది అప్పటికే దేశం వదిలారు, మరికొందరు రాత్రికి రాత్రి వెళ్లిపోయారు. ఇంటిపని ఆడవాళ్ల పాస్‌పోర్టులు తాళం వేసిన బీరువాల్లో వుండిపోయాయి. లక్షా డెబ్బయి వేలమందికి పైగా మనవాళ్లు బస్సుల్లో ఇరాకు మీదుగా ఎడారి దాటి జోర్డాన్ చేరారు. అమ్మాన్ నుంచి ఎయిరిండియా విమానాలు రెండు నెలలపాటు తెస్తూనే వున్నాయి. 488 ట్రిప్పులు. పాస్‌పోర్టు లేనివాళ్లకు మన అధికారులు అప్పటికప్పుడు ప్రయాణపు కాగితాలు రాసి ఇవ్వవలసి వచ్చింది. చేతిలో చిన్న కాగితం ముక్క, ఆఖరికి పాస్‌పోర్టు నకలైనా వున్నవాళ్లకీ, ఏమీ లేనివాళ్లకీ ఆ గుడారాల్లో గడిచిన రోజులు ఒక్కలా గడవలేదు.

ఆ మరుసటి యేడు, 1991లో, మన హైదరాబాదు నుంచి ఢిల్లీ వెళ్తున్న విమానంలో పదేళ్ల పిల్ల ఏడుస్తూ కూర్చుంది. పక్కన అరవై యేళ్ల అరబ్బు దేశపు మనిషి. విమానంలో ఎంతోమంది వున్నారు, అందరూ చూశారు. దగ్గరికి వెళ్లి "ఎందుకేడుస్తున్నావమ్మా" అని అడిగింది మాత్రం ఎయిర్‌హోస్టెస్ ఒక్కతే. పాతబస్తీలో పెళ్లి చేసి ఇచ్చేశారని ఆ పిల్ల చెప్పింది. విమానం దిగేసరికి పోలీసులు వచ్చారు, దేశమంతా గగ్గోలు పుట్టింది. పేదరికం ఎంతటి పనైనా చేయిస్తుందని అప్పుడు చాలామంది అన్నారు. నిజమే, కాని ఆ పిల్లను ఆపింది ఉపన్యాసాలు కావు, ఒక ప్రశ్న.

మన ప్రభుత్వం చూస్తూ వూరుకుందని అనలేం. 1922 నాటి పాత వలసల చట్టం తీసేసి 1983లో కొత్తది తెచ్చారు. చదువు తక్కువవాళ్లు గల్ఫుకు పనికి వెళ్లాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రాంట్స్ అనే అధికారి అనుమతి కావాలి. అలా వెళ్లే ఆడవాళ్లకు ముప్ఫై యేళ్లు నిండాలన్న నియమం పెట్టారు. 2016 నుంచి ఈ తరగతి ఆడవాళ్లను ప్రైవేటు ఏజెంట్లు కాకుండా ప్రభుత్వ సంస్థలే పంపాలన్నారు. తెలంగాణకు టామ్‌కామ్, ఆంధ్రకు ఓమ్‌క్యాప్ అలాంటివే. మరి ఇన్ని వున్నా మోసాలెందుకు జరుగుతున్నాయంటే, ఏజెంట్లు పని వీసా మానేసి విజిట్ వీసా మీద దుబాయికో మస్కట్టుకో దించుతారు. అక్కడి నుంచి ఇంకో దేశానికి మళ్లిస్తారు. విజిట్ వీసా మీద వెళ్లినమ్మాయి పేరు ఏ రిజిస్టరులోనూ వుండదు. ఆమె కనపడకపోతే వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలి? మీ ఇంట్లో పనిచేసే అమ్మాయి ఎప్పుడైనా "అమ్మా, మా వూరి ఏజెంటు కువైటుకి పంపిస్తానంటున్నాడు" అంటే మీరడగవలసింది జీతమెంతని కాదు, వీసా ఏదని.

అవతలి దేశాల్లోనూ మార్పులు వచ్చాయి. 2015లో కువైటు ఇంటిపనివాళ్ల కోసం ప్రత్యేకంగా చట్టం చేసింది. రోజుకు పన్నెండు గంటలు మించి పని చేయించకూడదు, వారానికో సెలవు ఇవ్వాలి, పాస్‌పోర్టు యజమాని దాచుకోకూడదు. మా వంటామె ఈ మాట విని నవ్వి, "మాకంటే చాన్నాళ్ల తర్వాత వచ్చిందమ్మా ఆ చట్టం" అంది. సౌదీ అరేబియాలో 2016లో మతపోలీసులకు అరెస్టు చేసే అధికారం తీసేశారు. 2018 జూన్ 24న ఆడవాళ్లు కారు నడపడానికి అనుమతి వచ్చింది. 1990 నవంబరులో నలభైమందికి పైగా సౌదీ ఆడవాళ్లు రియాదు వీధుల్లో కార్లు నడిపి ఉద్యోగాలు పోగొట్టుకున్న సంగతి చాలామందికి గుర్తులేదు. అంటే ఈ అనుమతి వెనక ఇరవైయెనిమిదేళ్ల ఎదురుచూపు వుంది. 2019లో ఇరవైయొకటి నిండిన సౌదీ స్త్రీకి మగవాళ్ల అనుమతి లేకుండా పాస్‌పోర్టు తీసుకునే హక్కు వచ్చింది.

ఇక మీరడిగే నల్లగౌను సంగతి. దాని పేరు అబాయా. పరాయి దేశపు స్త్రీలకు అది తప్పనిసరి అన్న పట్టింపు ఇప్పుడు లేదు. 2019లో టూరిస్టు వీసాలు మొదలుపెట్టినప్పుడు ఒళ్లు కప్పే వదులైన బట్టలు చాలన్నారు. మన పంజాబీ డ్రస్సు, మీద చున్నీ, దానికి సరిపోతుంది. చీరలో నడుం కనపడకుండా చూసుకోండి. పూజ ఇంట్లో తలుపులు వేసుకుని చేసుకోండి, బయట వద్దు. మక్కాకు ముస్లిములు కానివాళ్లు వెళ్లకూడదు, దారిలో బోర్డులుంటాయి. ఎడారి దేశాలన్నిటినీ ఒకే గాటన కట్టకండి మళ్లీ. మస్కట్టులో శివాలయం వుంది, బహ్రెయిన్లో శ్రీనాథ్‌జీ గుడి వుంది, అబూధాబీలో 2024లో పెద్ద రాతిగుడి తెరిచారు. రియాదులో అలాంటివి వెతకకండి.

అసలు సంగతి ఇప్పుడు చెప్తాను. కఫీలూ ఇఖామా ఇంటిపనివాళ్ల గొడవ, మనకేమిటి, మా ఆయన సాఫ్ట్‌వేరు ఇంజనీరు అనుకుంటున్నారేమో. సౌదీలో కుటుంబ వీసా మీద వెళ్లిన ఇల్లాలికి కాగితాల్లో పూచీదారెవరో తెలుసా? భర్తే! మీ ఇఖామా ఆయన ఇఖామా కింద, ఆయనది కంపెనీ కింద. మీరు చెల్లెలి పెళ్లికి హైదరాబాదు వచ్చి మళ్లీ వెళ్లాలంటే ఎగ్జిట్ రీఎంట్రీ వీసాకు దరఖాస్తు పెట్టవలసింది ఆయన, ఆయన ఫోన్లో. ఆయన ఉద్యోగం పోతే మీ నివాసమూ పోతుంది. కాపురం సవ్యంగా వున్నన్నాళ్లూ ఈ సంగతి తలుపు వెనక మేకులా కనపడకుండా వుంటుంది. ఇబ్బంది వచ్చిన రోజున కొంగు దానికే తగులుకుంటుంది. అనుమానించమని చెప్పడం లేదు. మంచి భర్త కూడా జబ్బుపడొచ్చు, ఆయన ఆస్పత్రిలో వుంటే ఆ ఫోను తెరవడం మీకు తెలిసి వుండాలి కదా.

2017 జూలైలో సౌదీ ప్రభుత్వం కుటుంబ సభ్యుల మీద రుసుము పెట్టింది. భార్యకైనా బిడ్డకైనా తలకి నెలకు వంద రియాళ్లు. యేటా వంద పెంచుతూ 2020 నాటికి నాలుగు వందలు చేశారు. భార్యా ముగ్గురు పిల్లలూ వున్న ఇంట్లో నెలకి పదహారు వందల రియాళ్లు! మనకు దగ్గర్లోనే వున్న టోలిచౌకీకి ఆ రెండేళ్లలో ఎన్ని కుటుంబాలు తిరిగొచ్చాయో అక్కడి బడుల వాళ్లనడిగితే చెప్తారు. పదేళ్లు కట్టుకున్న సంసారం ఒక్క ప్రకటనతో రెండు ముక్కలయింది. ఆడవాళ్లూ పిల్లలూ ఇక్కడ, మగవాళ్లు అక్కడ పంచుకున్న గదుల్లో.

కాబట్టి సామాను సర్దేటప్పుడు ముందు కాగితాలు సర్దండి. మీ పాస్‌పోర్టు మీ సంచిలో వుండాలి. దాన్నీ, వీసానూ, అక్కడికెళ్లాక ఇఖామానూ నకళ్లు తీసి ఒకటి మీ దగ్గర, ఒకటి ఇక్కడ అమ్మ దగ్గర పెట్టండి. పెళ్లి సర్టిఫికెట్టు, పిల్లల పుట్టిన సర్టిఫికెట్లు ఆయన ఫైల్లో ఒకటీ, మీ ఫైల్లో ఒకటీ. తిరుగు టిక్కెట్టుకు సరిపడే సొమ్ము మీ పేరుమీది ఖాతాలో వుంచుకోండి. 1925లో బీద యాత్రికులకు చట్టం చేయించిన పని మనం చట్టం లేకుండానే చేసుకోవచ్చు. దిగిన వారంలోగా రియాదులోని మన రాయబార కార్యాలయంలో, జెడ్డా అయితే కాన్సులేటులో పేరు నమోదు చేయించుకోండి. 2015లో విదేశాంగ శాఖ మదద్ అని ఫిర్యాదుల ఏర్పాటు పెట్టింది, అందులో ఇక్కడ మీ అమ్మానాన్నలు కూడా రాసుకోవచ్చు. కాపురంలోనే బాధ అయితే తెలంగాణ పోలీసు మహిళా భద్రతా విభాగంలో ఎన్నారై సెల్ వుంది.

వంటింటి సామాన్లలో ఒక్కటి గుర్తుపెట్టుకోండి. గసగసాలు! మసాలాకూ, కుర్మాకూ మనం చేతికందినన్ని వేసే గసగసాలు సౌదీ, కతార్, యూఏఈలలో మత్తుమందు లెక్క. గింజ దొరికినా జైలే. దగ్గుమందుల్లో, నొప్పి మాత్రల్లో కొన్ని కూడా అంతే, డాక్టరు చీటీ లేకుండా తీసుకెళ్లకండి. ఇక పరాయివాళ్ల పొట్లాలు. "మా అబ్బాయికి కాస్త ఆవకాయ ఇచ్చెయ్యమ్మా" అంటూ ఎయిర్‌పోర్టుకి వచ్చేవాళ్లు మనలో చాలామంది. కాదంటే మొహమాటం. 2019లో బొంబాయి దంపతులు దోహా వెళ్లారు. దగ్గరి చుట్టమొకామె పొట్లమిచ్చింది. అందులో నాలుగు కిలోల చరస్ వుందని అక్కడ దిగాక తెలిసింది. పదేళ్ల శిక్ష పడింది. అప్పటికామె గర్భవతి, బిడ్డను జైల్లోనే కన్నది. ఇక్కడ పోలీసులు అసలు సంగతి తేల్చి చూపించాక 2021లో నిర్దోషులని వదిలారు. చుట్టమిచ్చిన పొట్లమే అది, దారిన పోయేవాళ్లది కాదు.

ఎండ గురించి చెప్పకపోతే ఈ ప్రసంగం అసంపూర్తి. 2024 హజ్ యాత్రలో మక్కాలో ఎండ 51 డిగ్రీలు దాటింది. 1,301 మంది చనిపోయారని అక్కడి ప్రభుత్వమే చెప్పింది. వాళ్లలో నూటికి ఎనభైమూడు మంది అనుమతి కాగితం లేకుండా వచ్చినవాళ్లు. అనుమతి వున్నవాళ్లకు చల్లగదుల గుడారాలు, బస్సులు వుంటాయి. లేనివాళ్లు ఎండలో మైళ్లు నడిచారు. అక్కడ కాగితమే నీడ. తక్కువలో అయిపోతుందని చెప్పే ఏజెంటు మాట నమ్మి విజిట్ వీసా మీద హజ్‌కి వెళ్లేవాళ్లు మన వూళ్లోనూ వుంటారు, మీ ఇరుగుపొరుగు ముస్లిం సోదరీమణులకు ఈ లెక్క తప్పక చెప్పండి. ఇన్నాళ్లూ మగతోడు లేకుండా హజ్‌కు వెళ్లనిచ్చేవారు కాదు. 2018 నుంచి నలభైయైదు దాటిన మన ఆడవాళ్లు నలుగురేసి జట్టుగా వెళ్తున్నారు. నలుగురు అన్న నియమంలో తెలివి వుంది. ఒకరు వెనకబడితే ముగ్గురు ఆగి వెతుకుతారు.

మామూలు రోజుల్లో మీరు రియాదులో కాపురమున్నా, మే నుంచి సెప్టెంబరు దాకా పగలు పదకొండూ నాలుగు మధ్య పిల్లలను బయటికి తీసుకెళ్లకండి. కార్లో నీళ్ల సీసాలు ఎప్పుడూ వుండాలి. ఊరు దాటి ఇసుక దిబ్బలు చూడ్డానికి వెళ్తే రెండు కార్లు కలిసి వెళ్లండి, ఎక్కడికెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో ఒక తెలిసిన ఇంటివాళ్లకు చెప్పి మరీ వెళ్లండి. ఆ ఇల్లు ఏదో దిగిన మొదటి నెలలోనే వెతుక్కోండి. తెలుగువాళ్లే కానక్కర్లేదు. మలయాళీ నర్సమ్మయినా సరే, పాకిస్తానీ టీచరయినా సరే. వారానికొకసారి ఫలానా రోజు, ఫలానా వేళకి ఇక్కడ అమ్మకు ఫోను చేస్తానని చెప్పి, ఆ వేళకే చేయండి. ఆ రోజు ఫోను రాకపోతే రెండోరోజు ఎవరికి ఫోను చెయ్యాలో ఆమె దగ్గర రాసిపెట్టండి. ఆ నంబరు పెద్ద అక్షరాలతో రాయండి, అమ్మకు కళ్లజోడు దొరక్కపోయినా కనపడాలి.

సెలవు.